వేప్ సీసాపై 'ల్యాబ్ టెస్టెడ్' ముద్ర.. నమ్మొచ్చా?

హుజూరాబాద్: ఈ-సిగరెట్‌లో పోసే లిక్విడ్ సీసాపై 'ల్యాబ్ టెస్టెడ్' అని ఉంటే సేఫ్ అనుకోవచ్చా? హుజూరాబాద్‌లోనే కాదు, దేశంలో ఎక్కడ దొరికినా ఆ ముద్రకు విలువ లేదు. 2019లోనే కేంద్రం ఈ-సిగరెట్లను నిషేధించింది. నిషేధించిన సరుకుకు ఇక నాణ్యతా ప్రమాణాలు ఎక్కడివి?

మరి ఆ ముద్ర వెనక కథేంటి? అమెరికాలో 2012లో కొందరు తయారీదారులు ఏఈఎంఎస్ఏ అనే సంఘం పెట్టుకుని, తమ రూల్స్ తామే రాసుకున్నారు. లేబుల్‌పై చెప్పినంత నికోటినే ఉండాలి, మూత పిల్లలకు రాకూడదు, డయాసిటైల్ కలపొద్దు.. ఇలా. డయాసిటైల్ అంటే వెన్న రుచినిచ్చే పదార్థం. తిండిలో పర్లేదు, పీలిస్తేనే డేంజర్. అక్కడి పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిన్నది దీని ఆవిరితోనే. బ్రిటన్‌లోనూ 2015లో 'పాస్ 54115' వచ్చింది.

చిక్కేంటంటే ఇవన్నీ స్వచ్ఛందం. ఇష్టమున్న కంపెనీ పాటిస్తుంది, లేనిది లేదు. అందుకే యూరప్ 2016 నుంచి చట్టమే తెచ్చింది. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండొద్దు.

ఇక్కడికి దొంగచాటుగా వచ్చే సీసాకు ఆ చెకింగ్ కూడా ఉండదు. పండ్ల వాసన చూసి చిన్నపిల్లలు కొంచెం తాగినా ప్రాణం మీదకొస్తుంది.

అమ్మితే మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష వరకు ఫైన్, లేదా రెండూ. స్టాక్ పెట్టినా 6 నెలల వరకు జైలు, 50 వేల వరకు ఫైన్ పడొచ్చు. సోదా చేయడానికి ఎస్సై స్థాయి అధికారి చాలు.