బట్టల ఫ్యాక్టరీలో సామాజిక తనిఖీ: ఎవరి కోసం? ఎవరి ఎదుట?

ఉపాధి హామీ పనులకు వెళ్లిన కుటుంబాలకు 'సామాజిక తనిఖీ' అన్న మాట కొత్తది కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆ పనులకు సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. ఆంధ్రప్రదేశ్ 2006లోనే దానిని ప్రారంభించి, 2009లో అందుకై ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. తనిఖీ బృందం మస్టరు రోలు పట్టుకొని ఇంటింటికీ వెళ్లేది. ఆ తరువాత అందరి ఎదుట పేర్లు చదివేది. ఫలానా వారు ఇన్ని రోజులు పని చేశారు, ఇంత కూలి పుచ్చుకున్నారు అని చదువుతుండగా, "నేను ఆ పనికి పోనే లేదు" అనో, "నాకు అంత సొమ్ము అందలేదు" అనో లేచి చెప్పే అవకాశం ఆ పేరు గల మనిషికి ఉండేది. ఆ తనిఖీకి ప్రాణం అందులోనే ఉన్నది.

ఇదే పేరుతో మరొక తనిఖీ ఉన్నది. హిందూపురం, కుప్పం, గౌరీబిదనూరు, హోసూరు ప్రాంతాల తెలుగు ఇండ్ల నుండి ఎందరో ఆడపిల్లలు బెంగళూరు పరిసరాల గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోతున్నారు. కొందరు తిరుప్పూరు, కోయంబత్తూరు వైపు మిల్లులకు పోతున్నారు. అక్కడ కుట్టిన చొక్కా అమెరికాలోనో, ఐరోపాలోనో దుకాణానికి చేరుతుంది. ఆ చొక్కా కొనే కంపెనీ తరఫున ఫ్యాక్టరీలో జరిగేదే ఈ రెండవ సామాజిక తనిఖీ. "రేపు ఆడిట్ ఉంది, ముందుగా పోవాలి" అని బిడ్డ ఇంట్లో చెప్పినప్పుడు, ఆ ఆడిట్ ఏమిటో, దానివల్ల తమ బిడ్డకు ఒరిగేది ఏమిటో తల్లిదండ్రులు తెలుసుకొనడం అవసరం.

ఈ పద్ధతి ఎలా పుట్టింది?

పెద్ద బ్రాండ్లకు చాలావరకు సొంత కుట్టు ఫ్యాక్టరీలు ఉండవు. కూలి తక్కువగా ఉన్న దేశాల ఫ్యాక్టరీలకు ఆర్డర్లు ఇచ్చి కుట్టించుకుంటాయి. 1990లలో ఆ ఫ్యాక్టరీలలోని బాలకార్మికత, చాలీచాలని కూలి గురించి పత్రికలు వ్రాయగా విదేశాల కొనుగోలుదారులు నిలదీశారు. అప్పుడు బ్రాండ్లు తమ సరఫరాదారులకు ప్రవర్తనా నియమావళులు వ్రాసుకున్నాయి. జీన్స్ కంపెనీ లీవైస్ 1991లోనే అటువంటి నియమావళిని ప్రకటించింది. నియమాలు పాటిస్తున్నారో లేదో బయటివారిచేత చూపించవలసిన అవసరం దాని వెంట వచ్చింది. ఎస్.ఎ. 8000 అనే ప్రమాణం 1997లో వెలువడింది. తరువాతి సంవత్సరాలలో మరికొన్ని పద్ధతులు వచ్చాయి.

పేర్లు వేరైనా నియమాల సారం దాదాపు ఒకటే. బాలకార్మికులు ఉండరాదు. బలవంతపు పని ఉండరాదు. చట్టప్రకారం కూలి ఇవ్వాలి. పని గంటలకు హద్దు ఉండాలి. అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి తెరచి ఉండాలి. కులం, మతం, ఆడ, మగ భేదం చూపరాదు. సంఘం పెట్టుకొనే హక్కును అడ్డుకోరాదు.

తనిఖీ రోజున జరిగేది

తనిఖీదారులు సాధారణంగా ఒకటి రెండు రోజులు ఫ్యాక్టరీలో ఉంటారు. ఫ్యాక్టరీ పెద్దదైతే మరికొన్ని రోజులు పట్టవచ్చు. మొదట యాజమాన్యంతో సమావేశం. తరువాత కుట్టు లైన్లు, గోదాము, మరుగుదొడ్లు, క్యాంటీను, హాస్టలు తిరిగి చూస్తారు. హాజరు పట్టికలు, జీతాల పుస్తకాలు, వయసు ధ్రువపత్రాలు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. రసీదులు పరిశీలిస్తారు. కొందరు కార్మికులను ఎంచి, ఒంటరిగానో గుంపుగానో మాట్లాడిస్తారు. చివరకు లోపాలను వ్రాసి, ఏ తేదీలోగా సరిదిద్దాలో సూచిస్తారు.

పాఠశాలకు ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఎలా ఉంటుందో అందరూ ఎరిగినదే. గోడలకు సున్నం పడుతుంది. బాగా చదివే పిల్లలు ముందు బల్లలకు వస్తారు. అడగబోయే ప్రశ్నలకు జవాబులు ముందే వల్లె వేయిస్తారు. తేదీ ముందుగా తెలిసిన ఫ్యాక్టరీ తనిఖీలో కూడా ఇదే జరిగే ప్రమాదం ఉన్నది. ఆ రోజు తాళం వేసిన తలుపులు తెరుచుకుంటాయి. మంచినీటి కుండ నిండుతుంది. ఓ.టి. గంటలు వేరొక పుస్తకంలో దాగుతాయి. "ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి" అన్న పాఠం కార్మికులకు అందుతుంది. అందుకే ముందు చెప్పని తనిఖీలు కూడా ఉండాలన్న నియమాలు వచ్చాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరొకటి ఉన్నది. చాలా సందర్భాలలో తనిఖీ ఖర్చు భరించేది ఆ ఫ్యాక్టరీయే. నివేదిక చేరేది యాజమాన్యానికి, బ్రాండుకు. అందులో తన జీతం గురించి, తన పని గంటల గురించి ఏమి వ్రాశారో కార్మికురాలికి ఎవరూ చదివి వినిపించరు. గ్రామంలో పేరు చదివినప్పుడు లేచి నిలబడిన మనిషికి, ఫ్యాక్టరీలో ఆ అవకాశం లేదు.

కాగితం కాపాడని ప్రాణాలు

2012 సెప్టెంబరు 11న పాకిస్తాన్‌లోని కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగులబడింది. 250 మందికి పైగా మరణించారు. కిటికీలకు ఇనుప కడ్డీలు, బయటకు పోయే తలుపులకు తాళాలు ఉండుటచేత లోపలివారు తప్పించుకొనలేకపోయారు. ఆ ఫ్యాక్టరీకి ఎస్.ఎ. 8000 ధ్రువపత్రం అంతకు ముందు నెలలోనే, అంటే కొద్ది వారాల క్రితమే లభించింది. నిప్పు పెట్టినది దుండగులేనని అక్కడి న్యాయస్థానం 2020లో తేల్చింది. అయితే నిప్పు ఎవరు పెట్టినా, తలుపులు తెరచి ఉండినట్లయితే అందరు మరణించేవారు కారు. ఆ తలుపులను చూడటం తనిఖీదారుల పని.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావార్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలి 1,134 మంది మరణించారు. ముందురోజే భవనంలో పగుళ్లు కనబడ్డాయి. క్రింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగులను ఇంటికి పంపివేసింది. పై అంతస్తుల కుట్టుపనివారిని మాత్రం మరునాడు పనికి రప్పించారు. అందులోని కొన్ని ఫ్యాక్టరీలకు అంతకు ముందు సామాజిక తనిఖీలు జరిగి ఉన్నాయి. భవనం బలాన్ని పరీక్షించడం తమ తనిఖీ పరిధిలోనిది కాదని తనిఖీ సంస్థలు చెప్పుకున్నాయి. ఆ ఉదయం మెట్లు ఎక్కడానికి జంకిన కార్మికులకు, ఎక్కమని ఆజ్ఞాపించిన మేనేజరును కాదనే బలం ఏ కాగితమూ ఇవ్వలేదు.

జీతపు చీటీలో కనబడినా పట్టుబడని లోటు

ఇవి పొరుగు దేశాల మాట. సరిహద్దు కుటుంబాలకు నేరుగా తగిలిన ఉదంతం కర్ణాటకలోనే జరిగింది. ధరలను అనుసరించి కనీస వేతనానికి ఏటా ఏప్రిల్‌లో కరువు భత్యం కలుస్తుంది. 2020 ఏప్రిల్ నుండి కర్ణాటక గార్మెంట్ కార్మికులకు కలుపవలసిన మొత్తం నెలకు 417 రూపాయల 60 పైసలు. పెక్కు ఫ్యాక్టరీలు దానిని చెల్లించలేదు. 2020 సెప్టెంబరులో హైకోర్టు చెల్లించమని ఆదేశించిన తరువాత కూడా 2021 చివరివరకు బకాయి నిలిచే ఉన్నది. ఇలా నష్టపోయినవారు 4 లక్షలకు పైగా ఉన్నారని అమెరికాకు చెందిన వర్కర్ రైట్స్ కన్సార్టియం లెక్క చెప్పింది.

417 రూపాయలు చిన్న మొత్తమని అనిపించవచ్చు. పన్నెండు నెలలకు అది 5,011 రూపాయలు అవుతుంది. ఒక పిల్లవాని పుస్తకాలు, బట్టలు, బస్సు పాసు అందులో గడిచిపోతాయి.

ఈ లోటు దాచిపెట్టినది కాదు. ప్రతి నెలా ప్రతి కార్మికురాలి జీతపు చీటీలో కనబడుతూనే ఉన్నది. చట్టప్రకారం కనీస వేతనం ఇవ్వాలని తమ నియమావళిలో వ్రాసుకున్న బ్రాండ్లకే ఆ ఫ్యాక్టరీలు బట్టలు కుట్టాయి. అయినా సొమ్ము కదిలినది తనిఖీల వల్ల కాదు. కార్మిక సంఘాలు పట్టు విడువకపోవుటచేత, విషయం పత్రికలకెక్కుటచేత, ఆపై బ్రాండ్లు ఒత్తిడి చేయుటచేత 2022లో పెద్ద కంపెనీలు బకాయిలు చెల్లించసాగాయి.

గొలుసులో చూపు చేరని చోట్లు

చొక్కా ఒక్క ఫ్యాక్టరీలో పుట్టదు. పత్తి విత్తనం, పత్తి చేను, జిన్నింగు, నూలు మిల్లు, అద్దకం, చివరకు కుట్టు. తనిఖీ ఎక్కువగా జరిగేది ఈ చివరి మజిలీలోనే. వెనుకకు పోయిన కొద్దీ చూపు మసకబారుతుంది.

కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల విత్తన పత్తి చేలలో, పువ్వు పువ్వునూ చేతితో సంకరం చేసే పనికి బడి మాన్పించి ఆడపిల్లలను పెట్టడం ఎంతో కాలం సాగింది. పశ్చిమ తమిళనాడు నూలు మిల్లులలో 'సుమంగళి' పేరుతో పడుచు పిల్లలను సుమారు మూడేళ్లకు కుదుర్చుకొని, గడువు ముగిశాక పెళ్లి ఖర్చుకు ఒకేసారి సొమ్ము ఇస్తామనేవారు. గడువుకు ముందే జబ్బు చేసి ఇంటికి వచ్చిన పిల్లకు ఆ సొమ్ము దక్కక పోయేది. ఈ సంగతులను లోకానికి తెలిపినవారు ముఖ్యంగా పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు.

భాష అనే అడ్డుగోడ

సరిహద్దు కుటుంబాల విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. ఇంట తెలుగు, లైనులో కన్నడమో తమిళమో, తనిఖీదారు నోట హిందీయో ఇంగ్లీషో. కార్మికురాలి భాష తెలిసినవారిని గానీ, స్వతంత్రుడైన దుభాషిని గానీ తీసుకొనిరావాలని మంచి ప్రమాణాలు చెబుతాయి. దుభాషిగా సూపర్‌వైజరే కూర్చుంటే ఏ పిల్ల నోరు విప్పుతుంది? "తెలుగు వచ్చినవారితోనే చెబుతాను" అని అడగడం మర్యాద తప్పడం కాదు. అది న్యాయమైన కోరిక.

అందరి ఎదుటకు వచ్చిన తనిఖీ

రాణా ప్లాజా తరువాత 2013 మే నెలలో బంగ్లాదేశ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. దానిని అకార్డ్ అంటారు. బ్రాండ్లతో పాటు కార్మిక సంఘాలు కూడా అందులో సంతకం చేశాయి. అది చట్టబద్ధంగా బ్రాండ్లను కట్టివేసింది. 1,600కు పైగా ఫ్యాక్టరీలను ఇంజనీర్లు పరీక్షించారు. వారి నివేదికలను అందరూ చదువుకొనేటట్లు బయట పెట్టారు. ప్రమాదమని తోచిన చోట పని నిరాకరించే హక్కును కార్మికులకు ఇచ్చారు.

తమిళనాడులోని దిండిగల్ ప్రాంతంలో ఒక యువ కార్మికురాలు 2021 జనవరిలో సూపర్‌వైజరు చేతిలో హతురాలైన తరువాత, 2022లో అక్కడి మహిళా కార్మికుల సంఘం, ఫ్యాక్టరీ యాజమాన్యం, మూడు విదేశీ బ్రాండ్లు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. లైంగిక వేధింపులను గమనించి తెలిపే బాధ్యతను తోటి కార్మికురాళ్లకే శిక్షణ ఇచ్చి అప్పగించారు. ఏడాదికొకసారి వచ్చిపోయే అతిథి కంటే, పక్క మిషను మీద కూర్చున్న తోటి మనిషి ఎక్కువ చూడగలదు కదా!

ఈ రెండింటిలోనూ గ్రామసభ లక్షణం కొంత ఉన్నది. ఎవరి గురించి తనిఖీయో, వారికి అందులో నోరు ఉన్నది.

ఇంట్లో చేయదగినవి

ఈ తనిఖీని పూర్తిగా నమ్మి కూర్చోవడమూ తగదు, వ్యర్థమని తోసివేయడమూ తగదు. తలుపులు తెరిపించడం, నీళ్లు, మరుగుదొడ్లు బాగుపరచడం, వయసు చాలని పిల్లలను పనిలో పెట్టకుండా చూడడం వంటి మేలు దానివల్ల కొంత జరిగింది. దానిని ఉపయోగించుకొనడానికి కుటుంబం సిద్ధంగా ఉండాలి.

జీతపు చీటీలన్నీ ఒకచోట భద్రపరచాలి. ఏప్రిల్ నెల దాటగానే కరువు భత్యం పెరిగిందో లేదో చూడాలి. ఏ రోజు ఎన్ని గంటలు ఓ.టి. చేసినదీ చిన్న నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి లేబర్ కోడ్లు అమలులోకి వచ్చినా, వారానికి 48 గంటల హద్దు, అదనపు గంటలకు రెట్టింపు కూలి అలాగే ఉన్నాయి. పి.ఎఫ్. జమ అవుతున్నదో లేదో యు.ఎ.ఎన్. నంబరుతో చూసుకోవచ్చు. కుట్టే బట్ట మీది బ్రాండు పేరు గుర్తుపెట్టుకోవాలి. తనిఖీదారు ఫోను నంబరు ఉన్న కార్డు ఇస్తే ఇంటికి తెచ్చి దాచాలి. లోపల చెప్పలేని మాట ఇంటి నుండి చెప్పవచ్చు. వేధింపు జరిగితే, 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని తెలిసి ఉండాలి.

నిజం చెబితే ఆర్డరు పోతుందేమో, ఫ్యాక్టరీ మూతపడుతుందేమో అన్న భయం కార్మికులలో ఉన్నది. అది వట్టి భయం కాదు. లోపం కనబడగానే ఆర్డరు రద్దు చేసి తప్పుకొనే బ్రాండు, కార్మికురాలికి రెండుసార్లు అన్యాయం చేసినట్లే. కాబట్టి ఒక్కతెగా కాక, నలుగురు కలిసి, వీలైతే సంఘం ద్వారా చెప్పుకొనడం క్షేమం. బ్రాండు పని లోపం సరిదిద్దించడమేనని గట్టిగా అడగవలసినది అక్కడే.

రాత్రి ఇంటికి వచ్చిన బిడ్డ "ఈరోజు ఆడిట్‌లో నన్ను పిలిచారు" అంటే, "నీకెందుకమ్మా, ఊరకుండు" అని నోరు మూయించక, ఏమి అడిగారో, ఏమి చెప్పిందో కూర్చోబెట్టి వినాలి. ఫ్యాక్టరీలో చదివి వినిపించని లెక్కను ఇంటి అరుగు మీదనైనా బిగ్గరగా చదువుకుంటే, తేడా ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది.