మీకు తెలుసా? హాలీవుడ్ పాటకు మద్రాసు జంట గొంతు
'కే సెరా సెరా' అనగానే డోరిస్ డే గుర్తొస్తారు. 1956లో హిచ్‌కాక్ సినిమా 'ది మ్యాన్ హూ న్యూ టూ మచ్'లో ఆమె పాడిన ఈ పాటకు ఆస్కార్ దక్కింది. రాసి, బాణీ కట్టింది జే లివింగ్‌స్టన్, రే ఎవాన్స్.

మరుసటి ఏడాదికే ఆ బాణీ మద్రాసు తమిళ సినిమాలోకి వచ్చేసింది! 1957 నాటి 'ఆరవల్లి'లో 'చిన్న పెణ్ణాన పోదిలే' అదే. సంగీతం జి.రామనాథన్. పాడినవాళ్లు మాత్రం మన జిక్కి, ఏ.ఎం.రాజా. నిజజీవితంలోనూ భార్యాభర్తలైన తెలుగు జంట. రాజాది చిత్తూరు జిల్లా. 'ఏరువాక సాగారో' అంటూ పల్లెపదాన్ని హుషారెత్తించిన జిక్కి, రెండేళ్లకే ఈ పాశ్చాత్య బాణీని ఎంత ఒద్దికగా పాడారో విని తీరాలి.

అసలు పాటలో చిన్నపిల్ల తన భవిష్యత్తు గురించి తల్లిని అడుగుతుంది. పెద్దయ్యాక ప్రియుణ్ని అడుగుతుంది. చివరికి ఆమె పిల్లలే ఆమెను అడుగుతారు. మొదటి నుంచీ ప్రధానంగా ఒకే గొంతు. తమిళంలో దాన్ని యుగళగీతం చేశారు. నాకు నచ్చిన మార్పు ఇదే. రాజా మెత్తని గొంతు కలిసేసరికి ప్రేమ పాలు పెరిగింది. మూడు మాత్రల వాల్ట్జ్ ఊపు మాత్రం చెక్కుచెదరలేదు.

తెలుగు తెరకూ ఈ పాట వచ్చింది. 1965లో 'తోడు నీడ' కోసం భానుమతి పాడారు.