ఐదు రూపాయల పొట్లము

ఒకప్పుడు మన ఊళ్లలో చిల్లర కొట్టునకు పోయినవారు శేరు బియ్యమెంత, వీసె బెల్లమెంత అని అడిగెడివారు. ధర తెగిన పిమ్మట చూపంతయు త్రాసు ముల్లుపై నిలిచెడిది. తూనిక ముగిసినను బేరము ముగిసినట్లు కాదు. చేతిలో కొసరు పడవలెను. నేడు అదే కొట్టు గుమ్మమునకు షాంపూ పొట్లములు తోరణములవలె వ్రేలాడుచున్నవి. బిస్కట్లు, పండ్లపొడి, సబ్బుపొడి, టీపొడి, తలనూనె, అన్నియు మూతి అంటించిన పొట్లములలోనే వచ్చుచున్నవి. వీనికి త్రాసుతో పనిలేదు. కొనువారి చూపు ముల్లును విడిచి ధర అంకెపైకి మరలినది. నిత్యము ఇంటికి వచ్చి నిత్యము ఖర్చగు ఇట్టి సరకుల వ్యాపారమున ఈ చూపు మార్పు ఎంత పని చేయుచున్నదో మనము విచారింపవలసియున్నది.

చిన్న పొట్లమనగానే స్మరింపదగినవాడు తమిళనాడులోని కడలూరునకు చెందిన చిన్ని కృష్ణన్. కలవారు వాడుకొను వస్తువులు కూలివానికిని, రిక్షా త్రొక్కువానికిని అందవలెనని ఆయన తలంపు. ఆయన కుటుంబమువారి వెల్వెట్ షాంపూ పొట్లములలో అమ్ముడుపోయినది. ఆయన కుమారుడు సి. కె. రంగనాథన్ కుటుంబ వ్యాపారమునుండి వేరుపడి, 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూను ఆరంభించెను. కుంకుడుకాయ, సీకాయ తప్ప వేరొకటి ఎరుగని పల్లెలలో ఆయన మనుష్యులు ఒక బాలుని కూర్చుండబెట్టి, అందరియెదుట తలకు నురుగు పట్టించి కడిగి, ఆ జుట్టును ముట్టి చూడుడు, వాసన చూడుడు అనెడివారు. ఏ కంపెనీవైనను సరే, ఖాళీ పొట్లములు కొన్ని తెచ్చి ఇచ్చినవారికి ఒక చిక్ పొట్లము ఉచితముగా నిచ్చిరి. కొంతకాలమునకు చిక్ ఖాళీ పొట్లములు తెచ్చినవారికే అను నియమము పెట్టిరి. అప్పటికి వాడుక కుదిరియుండెను. 1999లో పొట్లము ధర 50 పైసలైనది.

ఇది బీదవాని జేబు ఖాళీచేయు ఎత్తుగడ మాత్రమేయని కొందరందురు. మేమట్లు తలపము. ఏనాటి కూలి ఆనాడే చేతికి వచ్చువానికి సీసా కొనుట నెల ఖర్చును ఒక్కనాడే పెట్టుట వంటిది. పొట్లమునకైనచో నాటి కూలిలో చిల్లర చాలును. నచ్చనిచో నష్టము ఒక్క తలంటితో సరి. చిక్కు వేరొకచోట నున్నది.

చిన్న పొట్లము ధర నాణెమునకు కట్టుబడియుండును. రూపాయి, రెండు, ఐదు, పది: ఇవియే దాని మెట్లు. గోధుమపిండియో, చక్కెరయో, పామాయిలో ప్రియమైనపుడు ఐదు రూపాయల బిస్కట్ల పొట్లమును ఐదున్నరకు అమ్మనేల కాదు? కొట్టువానియొద్ద చిల్లర యుండదు. పిల్లవాడు ఐదు రూపాయల బిళ్లతో వచ్చును. ప్రక్కనున్న వేరొక కంపెనీ పొట్లము ఐదు రూపాయలకే దొరకును. కావున ధర కదలదు, తూకము తగ్గును. బిస్కట్టు పలుచనగును, లేదా వరుసలో ఒకటి తగ్గును. ఇందులో దాపరికమేమియు లేదు. తగ్గిన తూకము పొట్లముపై అచ్చయ్యే యుండును. ఆరు రూపాయలని అడిగిన కొట్టువానితో వాదులాడు మనము, ఐదు గ్రాములు తగ్గినపుడు మారుపలుకము. అప్పుడప్పుడు తూకము మరల పెంచి "20 శాతము అదనము" అని పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు. పాత కొసరు ఈ వేషములో తిరిగివచ్చినదన్నమాట!

నాణెము బలమెంతటిదో 2025 సెప్టెంబరు 22న తెలిసివచ్చినది. ఆనాటినుండి బిస్కట్లు, షాంపూ, టూత్‌పేస్టు, ఒంటిసబ్బు మొదలగువానిపై జి.ఎస్.టి. 18 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. లెక్క ప్రకారము ఐదు రూపాయల పొట్లము నాలుగు రూపాయల 45 పైసలు కావలెను. మిగిలిన 55 పైసలు కొట్టువాడు ఏ నాణెముతో తిరిగి ఇచ్చును? 25 పైసలు, అంతకు తక్కువ విలువగల నాణెములు 2011 జూన్ 30తోనే చెల్లుబాటు కోల్పోయినవి. పన్ను తగ్గిన లాభము కొనువానికి చేరుటకు తూకము పెంచుటయే సులభమైన మార్గము. అది చేరినదో లేదో తెలియుటకును తూకమునే చూడవలెను.

2021లో పొట్లపు సరకుల నియమములు సవరింపబడినవి. అంతకుముందు బిస్కట్లు, టీ, కాఫీ మొదలగు కొన్నిటిని నిర్ణీతమైన తూకములలోనే కట్టవలెనను నిబంధన యుండెడిది. దానిని తొలగించి, గ్రామునకో, కిలోకో, మిల్లీలీటరుకో పడు ధరను కూడ పొట్లముపై చూపవలెనను పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇది వెనుకటి "వీసె యెంత?" అను ప్రశ్నకు జవాబే, కాని మిగుల చిన్న అక్షరములలో నుండును.

పెద్దది కొనిన చౌకయని మన నమ్మకము. బిస్కట్లు, సబ్బుపొడి విషయమున అది తరచు నిజమే. షాంపూ విషయమున తారుమారు. రూపాయి పొట్లములో 5 మిల్లీలీటర్లున్నవనుకొందము. మిల్లీలీటరు 20 పైసలు పడినది. ఆ లెక్కను 180 మిల్లీలీటర్ల సీసా 36 రూపాయలకు రావలెను. బజారులో సీసాల ధర తరచు ఇంతకు చాల ఎక్కువ. పైగా సీసానుండి వంచునపుడు చేయి ఉదారమగును!

పది గ్రాములకుగాని, పది మిల్లీలీటర్లకుగాని మించని పొట్లములకు పై నియమములలో చాలవరకు మినహాయింపు కలదు. కావున రూపాయి షాంపూ పొట్లముపై మిల్లీలీటరు ధర కొరకు వెదకినను కనబడకపోవచ్చును. ఆ లెక్క మనమే కట్టుకొనవలెను. బిస్కట్లకు, టీపొడికి ఇంకను తేలిక ఉపాయము కలదు. ఖాళీయైన పొట్లపు కాగితమునొకదానిని వంటయింటి గూటిలో దాచియుంచి, కొన్ని నెలల తరువాత కొనిన క్రొత్త పొట్లము ప్రక్కన పెట్టి, రెంటిపైనున్న గ్రాముల అంకెలను చదివిన చాలును.