గింజలోకి విషం ఎలా వస్తుంది?

జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింజూ నది నీటితో రైతులు వరి పండించేవారు. ఎగువన మిత్సుయి కంపెనీ వారి కమియోకా గని ఉండేది. సీసం, జింకు తవ్వి లాభాలు వాళ్ళు మూటగట్టుకున్నారు. వ్యర్థాల్లోని కాడ్మియం అనే విషలోహం మాత్రం కాల్వల వెంట పొలాల్లోకి చేరింది. ఆ బియ్యమే ఏళ్ళ తరబడి తిన్నవారికి, ముఖ్యంగా నడివయసు దాటిన ఆడవాళ్ళకు, మూత్రపిండాలు చెడి, ఎముకలు గుల్లబారి, దగ్గితేనే విరిగే దశ వచ్చింది. రోగుల మూలుగే ఆ రోగానికి పేరయింది: ‘ఇతాయి ఇతాయి’. అంటే ‘నొప్పి, నొప్పి’ అని.

మరి విషమని తెలియదా వరి వేరుకి? తెలియదు. వేరుకు మాంగనీసు కావాలి. దాన్ని లోపలికి తీసుకునే దారినే కాడ్మియం కూడా జొరబడుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2012లో తేల్చారు. జింకుకూ కాడ్మియానికీ పోలిక ఎక్కువ. అందుకే జింకు లోపించిన నేలల్లో కాడ్మియానికి సందు దొరుకుతుంది. నేల పులిసినా, ఈనే రోజుల్లో మడి ఎండినా గింజలోకి అది మరింత ఎక్కుతుంది. సున్నం వేస్తే, ఈనికకు మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా నీరు నిలిపితే తగ్గుతుంది.

అయితే ఇదే మందు అన్ని చోట్లా పనిచేయదు. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ బోరునీళ్ళలో ఆర్సెనిక్ ఉంది. మడిలో నీరు నిలిస్తే అది ఎక్కువగా కరిగి, సిలికా వెళ్ళే దారిన మొక్కలోకి పోతుంది. కలుపు తీసే చేతుల్ని కోసే వరి ఆకు పదును ఆ సిలికాదే. నేలలో అది చాలినంత ఉంటే ఆర్సెనిక్‌కు చోటు తగ్గుతుంది. కనుక ఏ నేలలో ఏముందో పరీక్షించందే మందు చెప్పలేం.

ఇంకో సంగతి. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. కూర, పప్పు కొనలేక అన్నంతోనే కడుపు నింపుకునే కూలి తల్లికి రెండు విధాలా ముప్పే. ఆకలిగొన్న వేరూ, ఆకలిగొన్న ఒళ్ళూ ఒకలాగే విషాన్ని పట్టుకుంటాయి!

జింకు లోపం మనకు కొత్త కాదు. నాటిన కొన్ని వారాలకే ఆకు మీద తుప్పు మచ్చలు మన రైతులు ఎరిగినవే. జింకు సల్ఫేటు వేయవలసిందే. కాని ఫ్యాక్టరీ వదిలిన విషానికి రైతు సంచి ఎరువు కొని జవాబు చెప్పాలా?

జింజూ ప్రజలు అలా ఊరుకోలేదు. 1968లో కోర్టుకెక్కారు. ఆ ఏడే ప్రభుత్వం రోగకారణాన్ని ఒప్పుకోక తప్పలేదు. 1971లోనూ, కంపెనీ అప్పీలు మీద 1972లోనూ బాధితులే గెలిచారు. చెడిన నేలను బాగుచేసే పని 2012 దాకా సాగింది.

హైదరాబాదు మురుగూ, పరిశ్రమల నీరూ కలిసే మూసీ కింద ఇవాళ్టికీ వరి పండుతోంది. ఆ మట్టినీ, నీటినీ, గింజనూ సర్కారు ఖర్చుతో పరీక్షించాలి. ఫలితాలు గ్రామసభలో చదివి వినిపించాలి. విషం వదిలినవాడి చేతే నేల బాగు చేయించాలి. ఇది దయ కాదు, మన తిండి మీద మన హక్కు.