మంద్రనాదాన్ని నిలిపే రాగిచుట్ట

మీటి వాయించే వాద్యాలన్నింటికీ ఒక సహజమైన పరిమితి ఉంది. తీగకు శక్తి అందేది మీటిన ఆ ఒక్క క్షణంలోనే కాబట్టి, ఆ తర్వాత గాలి, తీగలోని ఘర్షణ, వాద్యపు కర్ర కలిసి ఆ శక్తిని హరించివేయగా నాదం సన్నగిల్లి ఆగిపోతుంది. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ను కర్ణాటక సంగీతానికి మలచుకున్నప్పుడు ఎదురైన చిక్కు కూడా ఇదే. గమకం పలకాలంటే స్వరం కొంతసేపు నిలవాలి గనుక ఆయన జంట తీగలను విడిచి, ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టారు. నాదాన్ని పెద్దది చేయడంతో ఆగక, కంపిస్తున్న తీగకే ఎడతెగకుండా శక్తిని అందించే ఏర్పాటును సస్టైనర్ అంటారు. అమెరికాకు చెందిన గ్రెగ్ హీట్ రూపొందించిన ఈబో ఈ కోవలోనిదే అయినా, అది గిటారు తీగల ఎడానికి తగినట్లు తయారై, ఒకసారికి ఒక్క తీగపైనే పనిచేసేది కావడం వల్ల, బేస్ గిటారు వాయించేవారు తమకు కావలసినదాన్ని తామే చేసుకోవడం అన్నివిధాలా సమంజసం.

బేస్ గిటారుపై ఉండే పికప్, అంటే అయస్కాంతానికి సన్నని రాగితీగ చుట్టిన గ్రాహకం, ఉక్కుతీగ కదలికను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని యాంప్లిఫయర్‌తో పెంచి, తీగల కింద అమర్చిన డ్రైవర్ అనే మరో రాగిచుట్టకు పంపితే, అది అయస్కాంత బలంతో తీగను తిరిగి లాగుతుంది. ఇక్కడ బలం కన్నా సమయానికే పెద్దపీట. పికప్ సంకేతం తీగ వేగాన్ని అనుసరిస్తుంది కాబట్టి, డ్రైవర్ లాగుడు ఆ వేగంతో తాళం కలిపినంతసేపూ కంపనం నిలుస్తుంది; తాళం తప్పితే అదే బలం తీగను మరింత త్వరగా ఆపేస్తుంది.

ఈ డ్రైవర్ చుట్ట చుట్టడానికి కావలసిన చేతిపని, గంభీరావుపేట వంటి ఊళ్లలో వ్యవసాయ మోటార్లకూ సిరిసిల్లలో మరమగ్గాల మోటార్లకూ వైండింగ్ చేసేవారికి రోజూ అలవాటైనదే. 36 గేజు, అంటే దాదాపు 0.2 మిల్లీమీటర్ల మందం గల ఎనామిల్ పూత రాగితీగను, అన్ని తీగల కిందికీ అందేంత పొడవైన ఉక్కు పట్టీ చుట్టూ, 3 మిల్లీమీటర్ల ఎత్తులోనే చుట్టాలి. 13, 14 మీటర్ల తీగ పడేసరికి నిరోధం 8 ఓములకు చేరుతుంది. దాన్ని మల్టీమీటరుతో సరిచూసుకోవచ్చు. చుట్లు వదులుగా ఉంటే అవే కంపించి కీచుమంటాయి కనుక వార్నిష్ గానీ అరల్డైట్ గానీ పట్టించి గట్టిపరచాలి. పట్టీ అడుగున ఫెర్రైట్ అయస్కాంతం తప్పనిసరి. అది లేకుంటే విద్యుత్తు ఏ దిశలో ప్రవహించినా తీగ ఆకర్షణకే లోనవుతుంది కాబట్టి, ఒక్కో కంపనానికి లాగుడు రెండుసార్లు జరిగి తాళం చెడుతుంది.

యాంప్లిఫయర్‌కు 9 వోల్టుల బ్యాటరీపై దాదాపు అర వాటు ఇచ్చే ఎల్ఎం386 చిప్ తొలి ప్రయత్నానికి సరిపోతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇటువంటి సామాను దొరుకుతుంది. గిటారు కోసం గీసిన నమూనాలను యథాతథంగా అనుసరించేవారు బోల్తాపడేది కూడా ఈ యాంప్లిఫయర్ దగ్గరే. చిప్‌కూ చుట్టకూ నడుమ ఉండే కెపాసిటర్, అంటే నిలకడ విద్యుత్తును ఆపి మారే సంకేతాన్ని మాత్రమే పంపే భాగం, ఆ నమూనాల్లో తరచు 220 మైక్రోఫారడ్లే ఉంటుంది. 8 ఓముల చుట్టతో కలిసినప్పుడు అది సెకనుకు సుమారు 90 కంపనాల కంటే తక్కువగా ఉన్న స్వరాలను అణచివేస్తుంది. బేస్ గిటారులోని అతి మందమైన తీగ పలికేది సెకనుకు 41 కంపనాలే కాబట్టి, దానికి అందే శక్తి బాగా తగ్గడమే కాక, లాగుడు దాదాపు 65 డిగ్రీలు ముందుకు జరిగిపోతుంది. ఆ భాగాన్ని 2200 మైక్రోఫారడ్లకు మారిస్తే తేడా 12 డిగ్రీలకు దిగుతుంది. అప్పటికీ బలం చాలకపోతే కారు స్టీరియోల్లో వాడే టీడీఏ2003 చిప్‌ను 12 వోల్టుల సరఫరాతో ఆశ్రయించాలి.

డ్రైవర్‌ను మెడ చివరన, సంకేతమిచ్చే పికప్‌ను బ్రిడ్జి దగ్గర ఉంచి రెంటినీ వీలైనంత దూరం చేయకపోతే, డ్రైవర్ అయస్కాంత క్షేత్రం తీగ ప్రమేయం లేకుండానే పికప్‌ను చేరి కూత మొదలవుతుంది. మీటిన తీగ నిలవడానికి బదులు చప్పున ఆగిపోతే చుట్ట రెండు కొసలనూ అటూ ఇటూ మార్చి కలపాలి. ఆ తిరగబడిన కలయికకూ ఒక ప్రయోజనం ఉంది. మూలస్వరం అణగినా, పికప్ దగ్గరా డ్రైవర్ దగ్గరా ఎదురెదురు దిశల్లో కదిలే పై స్థాయి కంపనాల్లో ఒకటి నిలిచి, వేణువును తలపించే తారస్వరం పుడుతుంది కాబట్టి, కొసలను మార్చే చిన్న స్విచ్చును పరికరంలోనే అమర్చుకోవడం మేలు.