సర్వర్ స్మృతి: వేగం, పాఠశుద్ధి

కీలకపదాలు: సర్వర్, మెమరీ మాడ్యూల్, డీడీఆర్5, దోషసవరణ, యూనికోడ్, తిరుమల

1. ప్రవేశిక

తిరుమల శ్రీవారి రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో విడుదలయ్యే సమయంలో తెర మీద తిరిగే చక్రాన్ని చూడనివారు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో అరుదు. “సర్వర్ బిజీ” అని సరిపెట్టుకుంటాం. ఆ జాప్యంలో నెట్‌వర్క్‌కు, సాఫ్ట్‌వేర్‌కు, ప్రాసెసర్‌కు వేటి వాటా వాటికి ఉంది. వాటి నడుమ స్మృతి, అంటే మెమరీ మాడ్యూల్, చేసే పనిని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. స్మృతి ఎందుకు?

ఒకే తేదీలో ఎన్ని టికెట్లు మిగిలాయన్న ప్రశ్నను వేలాదిమంది ఒకేసారి అడుగుతారు. జవాబు హార్డ్ డిస్కు నుండి రావడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుండైతే సుమారు సెకనులో పదివేలవ వంతు. స్మృతి నుండైతే సుమారు కోటవ వంతు. టికెట్ ఖరారైన సంగతి చివరికి డిస్కులో నమోదు కావలసిందే. కానీ చూసి వెళ్లేవారి ప్రశ్నలకు స్మృతి నుండే బదులు చెప్పగలిగితే రద్దీ చాలావరకు తేలికపడుతుంది.

అయితే ఈ స్మృతి క్షణికం. తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు శతాబ్దాలు నిలిచాయి. స్మృతి చిప్పులో ప్రతి బిట్టూ అతి చిన్న కెపాసిటర్‌లోని విద్యుదావేశం మాత్రమే. అది కారిపోతూ ఉంటుంది. డీడీఆర్4లో సాధారణ ఉష్ణోగ్రత వద్ద 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరుసనూ మళ్లీ వల్లెవేయించాలి.

3. వేగమంటే ఏమిటి?

ఒక ప్రాసెసర్‌కు ఎక్కువ చిప్పులు తగిలిస్తే విద్యుద్భారం పెరిగి సంకేతాలు మసకబారతాయి. అందుకే సర్వర్ మాడ్యూళ్లలో రిజిస్టర్ అనే చిప్పు ఉంటుంది. అది చిరునామాలను, ఆదేశాలను అందుకొని, బలపరచి ముందుకు పంపుతుంది. దీనివల్ల కొద్దిపాటి ఆలస్యం తప్పదు. అంటే విడిగా చూస్తే సర్వర్ మాడ్యూల్ కాస్త నెమ్మది! ఆ నెమ్మదికి బదులుగా ఒకే యంత్రంలో ఎంతో ఎక్కువ స్మృతి ఇముడుతుంది. బేరం లాభసాటిదే.

రెండో మార్గం దారులను పెంచడం. 3200 శ్రేణి డీడీఆర్4 మాడ్యూల్ సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు అందిస్తే, 4800 శ్రేణి డీడీఆర్5 మాడ్యూల్ 38.4 అందిస్తుంది. అటువంటి దారులు 8 ఉన్న ప్రాసెసర్‌కు అది 307.2 గిగాబైట్లు. 2020లో ప్రమాణంగా వెలువడిన డీడీఆర్5 ఒక్కో మాడ్యూల్‌ను రెండు స్వతంత్ర భాగాలుగా కూడా విభజించింది. కానీ ఘాట్ రోడ్డుకు మరో వరుస కలిపితే గంటకు ఎక్కువ వాహనాలు కొండెక్కుతాయి. ఒక వాహనం ప్రయాణకాలం మాత్రం పెద్దగా తగ్గదు. స్మృతి విషయంలోనూ అంతే. ప్రకటనల్లోని అంకెలను ఈ భేదం ఎరిగి చదవాలి.

4. పాఠశుద్ధి

మన రంగానికి దగ్గరి విషయం ఇది. యూనికోడ్‌లో ‘క’ సంఖ్య 3093, ‘గ’ సంఖ్య 3095. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. ‘క’ చివరి బైటు 10010101, ‘గ’ చివరి బైటు 10010111. తేడా ఒక్క బిట్టు. అంతరిక్షం నుండి వచ్చే కిరణాల ప్రభావంతోనో, చిప్పులోని లోపంతోనో ఆ బిట్టు తిరగబడితే ‘కాలి’ కాస్తా ‘గాలి’ అవుతుంది. గసడదవాదేశసంధిలో కకారం గకారం కావడానికి ఒక సూత్రం, ఒక సందర్భం ఉన్నాయి. ఇక్కడ అవేవీ లేవు. పైగా ఏర్పడినది అర్థవంతమైన పదమే కాబట్టి అక్షరదోష పరీక్షకూ చిక్కదు.

దీనికి విరుగుడు దోషసవరణ స్మృతి. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రచురించిన సంకేతపద్ధతి దీనికి మూలం. 64 బిట్ల సమాచారానికి 8 తనిఖీ బిట్లు చేరుస్తారు. ఒక బిట్టు తప్పితే ఏది తప్పిందో తెలిసి సరిదిద్దుతుంది. రెండు తప్పితే తప్పిందని మాత్రం చెబుతుంది. డీడీఆర్5 చిప్పులన్నింటిలోనూ అంతర్గత సవరణ ఉన్నది కదా అని కొందరు వాదిస్తారు. అది చిప్పు లోపలి దోషాలకే పరిమితం. చిప్పు నుండి ప్రాసెసర్‌కు వెళ్లే దారిని అది కాపాడదు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో ఉన్నటువంటి తాళపత్ర గ్రంథాలను యూనికోడ్‌లోకి ఎక్కించి, ప్రతులను యంత్రంతో పోల్చి చూసే పనికి ఇది చిన్న విషయం కాదు. స్మృతిలో మారిన అక్షరం డిస్కులోకి తిరిగి చేరితే, రేపటి పరిశోధకుడు దానిని లేఖకదోషంగానో పాఠాంతరంగానో నమోదు చేస్తాడు. శాఖకు సర్వర్ కొనేటప్పుడు ధరల పట్టికతో పాటు మాడ్యూల్‌నూ చూడాలి. ఎనిమిదేసి బిట్ల చిప్పులున్న డీడీఆర్4 మాడ్యూల్‌లో వరుసకు 8 చిప్పులుంటే అది సాధారణ స్మృతి, 9 ఉంటే దోషసవరణ స్మృతి. ప్రాసెసర్, మదర్‌బోర్డు కూడా దానికి అనుకూలమైనవి కావాలి. లేకుంటే ఆ తొమ్మిదో చిప్పు ఊరికే కూర్చుంటుంది.