నలుగురితో నడక

సంస్కృతంలో నడకకు ‘చంక్రమణం’ అని ఒక పేరు ఉన్నది. ఏదో ఒక చోటికి చేరుకోవడానికి కాక, ఇటూ అటూ తిరుగాడడం అని దాని భావం. శరీరాన్ని మిక్కిలి శ్రమపెట్టని చంక్రమణం ఆయుర్బలాలతోపాటు మేధనూ వృద్ధి చేస్తుందని సుశ్రుత సంహిత చెబుతున్నది. కాళ్ల పనిని బుద్ధితో ముడిపెట్టడం ఇక్కడ గమనింపదగిన విషయం.

ఆధునిక వైద్యం ఈ ముడిని పరీక్షించి చూసింది. 2011లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 55 నుంచి 80 ఏళ్ల వయస్సు గల 120 మంది పాల్గొన్నారు. సగం మంది వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల దాకా నడిచారు. తక్కినవారు ఒళ్లు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకున్నారు. ఏడాది గడిచేసరికి, జ్ఞాపకశక్తికి ఆధారమైన ‘హిప్పోకాంపస్’ అనే మెదడు భాగం నడిచినవారిలో సుమారు 2 శాతం పెరిగింది. రెండవ బృందంలో తగ్గింది.

అయితే వార్ధక్యంలో మనస్సును కుంగదీసేది మెదడు క్షీణత ఒక్కటే కాదు. ఉద్యోగ విరమణతో సహోద్యోగులు దూరమవుతారు. పిల్లలు హైదరాబాదుకో, అమెరికాకో తరలిపోతారు. దంపతులలో ఒకరు ముందుగా కన్నుమూస్తే, రెండవవారికి రోజంతా నోరు విప్పే అవసరమే రాకపోవచ్చు. మతిమరుపు వ్యాధికి దోహదం చేసే, సవరించుకోదగిన 14 కారణాలను ‘లాన్సెట్’ వైద్యపత్రిక నియమించిన సంఘం 2024లో పేర్కొన్నది. శరీరశ్రమ లేకపోవడం, కుంగుబాటు, నలుగురికీ దూరమై బ్రతకడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. ఇంట్లో యంత్రం మీద ఒంటరిగా వేసే అడుగులు మొదటిదానికి చాలవచ్చు. మూడవదానికి చాలవని నా అభిప్రాయం.

విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ వెంబడి వేకువ వేళ వాహనాలను నిలిపివేసి, రహదారిని నడిచేవారికి విడిచిపెడతారు. అక్కడ వృద్ధుల నడక వేగం కన్నా కబుర్ల జోరే ఎక్కువ. మోకాలి నొప్పులు, మనుమల చదువులు, పింఛను, రాజకీయాలు అన్నీ దొర్లిపోతుంటాయి. రెండు రోజులు రాని మనిషికి మూడవనాడు ఫోను వస్తుంది. చలికాలంలో సైతం వేకువనే లేచి, ఉతికిన బట్టలు కట్టుకొని బయలుదేరడానికి ఆ ఎదురుచూసేవారే కారణం.

ఈ వసతి అన్ని చోట్లా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 ఏళ్లు దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల మితవ్యాయామాన్ని సూచిస్తున్నది. కాని దుకాణాలూ, మోటారు సైకిళ్లూ ఆక్రమించిన కాలిబాట మీద పడితే తుంటి ఎముక విరుగుతుందన్న భయంతో ఎందరో గడప దాటడం లేదు. ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీల విషయంలో అది నిరాధారమైన భయమూ కాదు. అటువంటి వారిని వీధి చివరి గుడి దాకా నడిపించి తీసుకురావడానికి ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి తోడు చాలు. కాకపోతే నాయనమ్మ పక్కన నడిచేటప్పుడు ఆమె అడుగుకు తగినట్లు మీ వేగాన్ని తగ్గించుకోవాలి. చెవులలోని ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకోవాలి.